అంచు

అమ్మ గ్రెనోబుల్‌లో చేతి తొడుగులు కుట్టేది.
రంగు అద్దిన మేకపిల్ల తోలు.
"అంచు కోశావా, లోపలి తెలుపు బయటపడి
జన్మంతా వెక్కిరిస్తుంది.
మధ్యలో తీయి, కొసకి కొస కలుపు" అనేది.
నలభై ఏళ్ల తర్వాత ఆ మాట
ఆపరేషన్ గదిలో మళ్లీ విన్నాను,
డాక్టర్ సోలాంజ్ విర్యే నోట,
ఇంచుమించు అదే విసుగుతో.

బల్ల మీద ఓడిల్.
నలభై ఏడేళ్లు. ఉత్తరాలు పంచే మనిషి.
ఇజేర్ ఒడ్డు నుంచి కొండ మీది ఇళ్ల దాకా
ఇరవై రెండేళ్లుగా సైకిల్ జీను మీదే.
లోపలి పెదవుల్లో ఎడమది
రెండో కాన్పు తర్వాత మరీ సాగి
ఎక్కిన ప్రతి మలుపులో మడతపడి ఒరుసుకునేది.
"మా ఆయనకి ఏ పేచీ లేదు,
అద్దంలో చూసుకుంటే నాకూ లేదు,
జీనుకే నచ్చలేదు" అని నవ్వింది.
ఇన్నేళ్లూ మందుల షాపులో
చంటిపిల్లల క్రీము కొంటూ
లేని మనవడి పేరు చెప్పేదట.
పేరు కూడా పెట్టింది వాడికి: ఫీర్మాన్.

ముందు ఊదా రంగు పెన్నుతో గీతలు,
తర్వాతే మత్తు సూది.
తిరగేస్తే, నీరు పట్టిన చర్మం
అబద్ధపు కొలత చెబుతుంది.

అంచు వెంట కత్తిరించుకుంటూ పోవచ్చు.
త్వరగా అయిపోతుంది, మానడం కూడా తేలికే.
కానీ ఆ ముదురు కొస, ఆ సన్నటి ముడతల అల్లిక
తిరిగి రావు,
కొత్త అంచు పొడవునా మచ్చ కాపురం పెడుతుంది.
లేదంటే పుచ్చకాయ ముక్కలా
మధ్యలో ఒక త్రికోణం తీసి
రెండు వైపులా దగ్గరికి తేవచ్చు.
అంచు అంచులాగే ఉంటుంది,
కుట్టు మీద బిగువు పడితే మాత్రం
మూడో రోజో పదో రోజో విచ్చుకుంటుంది.
ఏదీ ఊరికే రాదు.

ఓడిల్‌కి త్రికోణం.
కరిగిపోయే దారం, లోపల ఒక వరస, పైన ఒక వరస.
గాజుగుడ్డలు పదకొండు ఇచ్చాను,
పదకొండూ తిరిగి తీసుకున్నాను.
తీసిన ముక్క గిన్నెలో
నా బొటనవేలి గోరంత.
గోరంత, కొండంత అంటాం కదా,
కొలతలతో సహా అర్థమైంది ఆ పూట.

అదే వారం మాయ్లిస్ వచ్చింది.
పద్దెనిమిది నిండి తొమ్మిది రోజులు.
ఫోన్‌లో ఒక బొమ్మ, నున్నగా, ఒట్టి గీతలా.
"ఇలా కావాలి."
నొప్పా? లేదు. ఒరుపా? లేదు.
ఎవరైనా ఏమైనా అన్నారా?
కిటికీలోంచి మంచుకొండ వైపు చూసింది.
డాక్టర్ గారు చేతి అద్దం ఇచ్చి
ఒక్కో భాగానికీ పేరు చెప్పారు,
ఎక్కడెక్కడ నరాలు చెవులు రిక్కించుకుని ఉంటాయో చెప్పారు.
"ఏడాదాగి రా. కత్తి ఎక్కడికీ పోదు."
తలుపు ధడేలున వేసుకుని వెళ్లింది.
మళ్లీ రాలేదు.
లియోన్‌లో ఇంకో తలుపు తట్టిందేమో,
తట్టలేదేమో.

తొమ్మిదో రోజు ఓడిల్ నడిచి వచ్చింది,
ఆరు వారాలు సైకిల్ నిషేధం మరి.
కుట్టులో కందిపప్పంత సందు.
మళ్లీ కుట్టలేదు. "ఒళ్లే చూసుకుంటుంది,
మనం అడ్డు రాకుండా ఉందాం" అన్నారు డాక్టర్ గారు,
తన పొరపాటని తన చేత్తోనే పుస్తకంలో రాశారు.

ఆ పుస్తకం నా దగ్గరే ఉంటుంది.
వాపు, రక్తం, స్పర్శ, మళ్లీ చేయించుకుంటారా:
నాలుగు గళ్లు.
నూటికి తొంభై పైచిలుకు సంతోషమని
వైద్య పత్రికలు రాస్తాయి.
మిగిలిన ఆ కొద్దిమందీ
మా ఫోన్ ఎత్తరు.

ఏడో నెలలో ఆసుపత్రి టపాతో పాటు
మేం పంపిన ప్రశ్నల కాగితం
ఓడిలే స్వయంగా తెచ్చి ఇచ్చింది, చెమటతో.
గళ్లన్నీ ఖాళీ. కింద ఒకే వాక్యం:
"పద్నాలుగు మలుపులు. ఎక్కడా దిగలేదు."

ఏ గడిలో ఎక్కించాలో తెలియక
అంచున రాశాను.