పంక్చర్ బిల్లు

ఆత్మకూరులో కారందోశ తిని
ఆరు దేశాల నోళ్ళు ఒక్కసారే "హా" అన్నాయి.
ఆ రోజు మొత్తమ్మీద
తర్జుమా అక్కర్లేని మాట అదొక్కటే అనుకున్నా.

మేడమ్ చేతిలో కాయితం:
తొమ్మిదింపావుకి ఉదయగిరి, కొయ్య గరిటెలు, ఇరవై నిమిషాలు.
దుర్గం కింద గ్రూపు ఫోటో.
సోమశిల ఆనకట్ట, పొట్లాల్లో పులిహోర.
సంస్కృతి అంతా ఒక పక్కనే టైపు కొట్టి ఉంది,
వెనక పక్క తెల్లగా.

నేను పెంచలయ్యని, కాలేజీ బస్సు డ్రైవర్ని.
పరాయి దేశాల నుంచి చదువుకోను వచ్చిన పిల్లలకి
నెలకొకసారి మన దేశం చూపించాలంట.
చూపించేది మేడమ్.
నేను తోలేవాణ్ణి.

షంషాద్‌బీ వాకిట్లో చాప పరిచి పెట్టింది.
నర్ది కొయ్య, బిక్కి కొయ్య, బాడిసె, ఆకురాయి.
ఆమె తెలుగులో చెప్పింది, మేడమ్ ఇంగ్లీషులో అనింది,
పిల్లలు ఎవరి భాషలోకి వాళ్ళు మడుచుకున్నారు.
మూడు జల్లెళ్ళు దాటినాక మాట ఎంత మిగిలిందో!
"కొయ్యకో దారి ఉంటది నాయనా,
దానికి ఎదురు పోబాకండి" అని ఆమె అంటే
"వుడ్ గ్రెయిన్" అని మేడమ్ ఊరుకుంది.

ఫోన్లు లేచాయి, దిగాయి.
ఒకడు దువ్వెన కొన్నాడు, వాడికి జుట్టే లేదు.
పదిహేనో నిమిషంలో మేడమ్ గడియారం చూసుకుంది.

అప్పుడు ఆ టాంజానియా పిల్ల, నీమా,
దోవంతా కిటికీకి ఆనుకోని పలక్కుండా వచ్చిన పిల్ల,
చెప్పులు విడిచి చాప మీద కూచుంది.
కత్తి అడిగింది, చేత్తోనే.
కొయ్యని తనవైపుకి లాక్కుంటా చెక్కింది.
ఇక్కడెవరూ అట్టా చెక్కరు.
"అమ్మో, కడుపు మీదికి రానీబాక!" అని
షంషాద్‌బీ చెయ్యి చాపి, చాపిన చెయ్యి అట్నే ఆపేసింది.
పొట్టు ఉల్లిపొర మాదిరి
తెగకుండా, పొడుగ్గా, ఒంపు తిరిగి వస్తా ఉంది.

"ఎవరు నేర్పింది బిడ్డా?"
మేడమ్ నోరు తెరవకముందే పిల్ల చెప్పేసింది:
"బాబు."
మనకి బాబంటే ఉయ్యాల్లో వాడు.
వాళ్ళకి తాతంట.
షంషాద్‌బీకి అది "బాబా" అని వినపడినట్టుంది,
లోపలికి పొయ్యి గోడ మీది వాళ్ళ నాయన ఫోటో తెచ్చి
పిల్ల ఒళ్ళో పెట్టింది.
ఎవరూ సరిదిద్దలేదు.

"టైమ్" అనింది మేడమ్.
నేను బస్సు దగ్గరికి పొయ్యి
వెనక టైరు ముందర గొంతుక్కూచున్నా.
"మేడమ్, గాలి దిగిపోయింది."
వేలితో కొడితే కొత్తకుండ మాదిరి టంగుమనింది టైరు.
ఇరవయ్యేళ్ళ సర్వీసులో
నేను చెప్పిన మొదటి అబద్ధమేం కాదది.

రెండు గంటలు.
సోమశిల పాయె, ఫోటో పాయె.
నేపాల్ పిల్లోడు గరుకు కాయితంతో
ఎవరిదో గరిటె రుద్దుతా రుద్దుతా నిద్రపోయాడు.
మేడమ్ సిగ్నల్ కోసం దుర్గం పక్కకి నాలుగడుగులేసి
చీర కొంగులో చిన్న చెంచా దాచుకోని తిరిగొచ్చింది.
చాప మీద ఒక కత్తి బయటికి పోతా ఉంది,
ఒకటి లోపలికి వస్తా ఉంది.
పొట్టు మాత్రం ఎవరిదేదో తెలీకుండా కలిసిపోయింది.

తెల్లారి ఆఫీసులో బిల్లడిగారు.
మస్తాన్ కొట్లో రాయించా, నూటయాభై.
"ఏ టైరన్నా?" అన్నాడు వాడు పెన్ను పట్టుకోని.
"వెనకది, ఎడం పక్కది."
ఆ డబ్బులతో ఇంట్లోకి ఒక గరిటె తేవాల్సింది,
అప్పుడు తోచలా.

సీట్ల కింద పొట్టు ఊడుస్తుంటే
వచ్చే నెల కాయితం ఇచ్చి పొయ్యాడు అటెండరు:
వెంకటగిరి, మగ్గాలు, పదిహేను నిమిషాలు.

ఈసారి రేడియేటర్ అనుకుంటా ఉండా.