లైన్లో ఉండండి

నా పని ఎదురుచూడటం.
దానికి జీతం కూడా ఇస్తారు, గంటకి పదిహేడు డాలర్లు.

తూర్పు కెంటకీ కొండల మధ్య
ఒకప్పుడు టైర్ల షాపుగా ఉన్న ఈ క్లినిక్‌లో
చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని
పొద్దున్నే మొదలుపెడతాను.
మీ కాల్ మాకెంతో ముఖ్యం, అంటుందొక గొంతు.
ఆ తర్వాత పియానో.
పదకొండు స్వరాలు మెట్లెక్కి
ఆఖరి మెట్టు తప్పినట్టు ఆగి
మళ్ళీ మొదటికి.
ఇంట్లో గిన్నెలు కడుగుతుంటే అదే వస్తుంది నోటికి.
మా ఆయన రేడియో పెంచుతాడు.

ఇవాళ ఆర్విల్ స్టిడమ్ ఫైలు.
ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గు తవ్వాను,
ఇప్పుడది నన్ను తవ్వుతోంది అన్నాడు మొదటిసారి వచ్చినప్పుడు,
నవ్వబోయి, దగ్గి, నవ్వు సంగతి మర్చిపోయి.
ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉంది,
మంచం పక్కన ముసలి కుక్కలా గురక పెడుతూ.
దాని ట్యూబు యాభై అడుగులు.
కోళ్ళగూడు అరవై.
ఆ పది అడుగుల కోసం
భుజానికి తగిలించుకునే చిన్న యంత్రం అడిగాం.
అవసరం నిరూపణ కాలేదని ఉత్తరం.
మళ్ళీ అడిగితే మళ్ళీ అదే ఉత్తరం,
తేదీ మార్చే ఓపిక కూడా లేకుండా.

మా డాక్టర్ బ్రాషియర్‌కి ఊపిరి సలపదు.
(ఆర్విల్ వచ్చాక ఈ మాట అనడానికి నోరు రావడం లేదు.)
రోజుకి ఇరవై ఆరుమంది,
మనిషికి పదిహేను నిమిషాలు,
అందులో తొమ్మిది కీబోర్డుకి.
వాళ్ళ మొహాలకంటే వాళ్ళ పేజీలే గుర్తుంటున్నాయి ఓపల్,
అంది ఒక సాయంత్రం కారులో కూర్చుని,
తాళంచెవి తిప్పకుండా.
రాత్రి పదకొండు దాటాక ఆమె రాసిన నోట్సు
పొద్దున నా తెరమీద ఉంటాయి.
కొన్ని వాక్యాలు మధ్యలోనే నిద్రపోయి ఉంటాయి.

నలభై ఏడో నిమిషంలో పియానో ఆగింది.
అవతల ఒక డాక్టరు.
కంటి డాక్టరట, రిటైరయ్యాడట,
ఊపిరితిత్తుల మీద తీర్పు చెప్పే వంతు ఇవాళ ఆయనది.
పరుగెత్తి పిలుచుకొచ్చాను. ఒక చేతికింకా గ్లౌజుంది ఆమెకి.
ఈమె అంకెలు ఈమె చదివింది, ఆయన అంకెలు ఆయన.
కూర్చున్నప్పుడు తొంభై ఒకటి ఉంది కదా, అన్నాడాయన.
కూర్చుంటే కోళ్ళకి మేతెవరు వేస్తారు, అంది ఈమె.
దానికి ఫారంలో గడి లేదు.

అప్పుడామె ఫోను స్పీకరులో పెట్టి
వరండాలోకి నడిచింది.
ఆర్విల్, లేచి ఆ తలుపుదాకా రండి.

వచ్చాడు.
ఏడో అడుగుకి ఈల మొదలైంది,
కిటికీ సందులో చలిగాలిలాగ.
పన్నెండో అడుగు వెయ్యలేదు.
గోడ పట్టుకున్నాడు. నేను కుర్చీ లాగాను.
ఫోను ఏమీ అనలేదు చాలాసేపు.

ఎవరది?
మీరు అక్కర్లేదన్న ఆయన.

నాకిచ్చింది ఎనిమిది నిమిషాలు, అయిపోయాయి, అన్నాడు.
అటువైపు కూడా కీబోర్డు చప్పుడు.
తొంభై రోజులకి ఇస్తున్నాను. ఆ తర్వాత మళ్ళీ అడగాలి.
పెట్టెయ్యబోయి
ఎన్ని కోళ్ళు? అన్నాడు.
పద్నాలుగు, అన్నాడు ఆర్విల్, రెండు ఊపిర్లలో.
లైన్ కట్టయింది.

తొంభయ్యో రోజుకి క్యాలెండర్లో ఎర్రగా సున్నా చుట్టాను.
డాక్టర్ ఆ ఒంటి గ్లౌజుతోనే మూడో గదిలోకి వెళ్ళిపోయింది,
అక్కడ ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు.
ఆర్విల్ టోపీ పెట్టుకుని
తలుపు దగ్గర ఆగి సన్నగా కూనిరాగం తీశాడు,
ఇందాకటి నుంచీ నా బల్లమీద మోగినదే,
ఆరో స్వరం దాకా వచ్చి
అక్కడ గాలి చాలక నిలబడ్డాడు.

మిగతా అయిదూ నేను పాడేశాను,
అప్పటికే
ఇంకో నంబరు నొక్కుతూ.