ఆరో పలక

పైసాందూలో, నది ఒడ్డు ఖాళీ జాగాలో
వాల్మీర్ ట్రక్కు మీంచి వేదిక దించుతాడు.
ఎనిమిది పలకలు, పదహారు కాళ్లు,
డబ్బా నిండా బోల్టులు, ఎప్పుడు లెక్కెట్టినా ఒకటి తక్కువే.

ఆరో పలక మాత్రం ప్లైవుడ్డు కాదు.
వరదకి పోయిన ఇంటి వీధి తలుపు.
గడియ ఊడదీశాడు గానీ
తాళం కన్నం పూడ్చలేదు.
అడిగితే "లప్పం అయిపోయింది" అంటాడు.

నేల వాలు.
ఒక కాలు కింద ఇటుక ముక్క, ఇంకోదాని కింద మడిచిన అట్ట.
ఎగిరి తొక్కి చూస్తాడు.
కిర్రుమంటే ఇంకో చుట్టు బిగిస్తాడు.

రాత్రి డోళ్లు మొదలయ్యాక
మనవరాలు ఇసౌరా కిందికి దూరి
కన్నానికి కన్నానించింది:
చీకటి, ఒక మడమ,
అది లేచినప్పుడల్లా ఒక చుక్క.

"తాతా, మన తలుపెవరో బాదుతున్నారు!"

"తీయకు," అన్నాడు వాల్మీర్,
గడ్డిలో బోల్టు వెతుక్కుంటూ.