నెత్తికెక్కిన కళ్ళు

పట్టరవాక్కం స్టేషన్లో
మూడో పెట్టె, రెండో తలుపు దగ్గర దిగితే
మెట్లు సరిగ్గా ఎదురుగా ఉంటాయి.
ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.
పదకొండు రోజులు తప్పు తలుపుల్లో దిగి
నేనే కనుక్కున్నాను.

మా ల్యాబులో కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీస్తారు.
మైనస్ రెండున్నర, ప్లస్ ఒకటీ ముప్పావు,
ఎవరెవరి చూపులో నంబర్లు వేసుకుని
ట్రేలలో నా ముందుకొస్తాయి.
గీత ఉంటే వెనక్కి పంపడం నా పని.
వెంట్రుకలో సగం గీత.
ఇళంగోవన్ సార్ దీపం కింద తిప్పి తిప్పి వెతికి
"ఆమా, ఇరుక్కు" అంటాడు.
ఉందని ముందే చెప్పాను కదా, అంటాను.
అలా అనకూడదట.
మూడేళ్ళకి తెలిసింది.

ఐదో తరగతిలో రాజ్యం టీచరు
స్కేలుతో నా గడ్డం పైకెత్తి
"మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి చూడు" అంది.
చూశాను.
కుడికంట్లో కిటికీ, కిటికీలో కొబ్బరాకు,
ఆకు కదిలినప్పుడల్లా కిటికీ చీలికలయ్యేది.
అడిగిన ప్రశ్న వినబడలేదు.
"పలకవేం? కళ్ళు నెత్తికెక్కాయా?"
నేను నెత్తి తడుముకున్నాను.
నలభై రెండు మంది నవ్వారు,
స్టీలు గిన్నెలు మెట్ల మీంచి దొర్లినట్టు.

పేరు దొరికింది ఇరవై ఆరో ఏట.
కీల్పాక్‌లో ఒక డాక్టరమ్మ
ఆటిజం అని రాసి
కాగితం నా వైపు తిప్పింది.
మూడక్షరాలు.
బయటికొచ్చి చెరుకురసం తాగాను.
ఏడవాలో వద్దో తెలియక
ఇంకో గ్లాసు తాగాను.

విల్లివాక్కంలో మేడ మీద గది.
ఒక్కదానివే ఎలా ఉంటావని అడిగినవాళ్ళు
పదిమందిలో ఎలా ఉన్నావని
ఒక్కసారీ అడగలేదు.
కుక్కరు లేదు, దాని కూత నా పళ్ళలోకి దిగుతుంది.
గిన్నెలో అన్నం వండుతాను.
గంజి పొంగే ముందు అది చేసే చిన్న చప్పుడుకి
ఇంకా పేరు పెట్టలేదు.
తలుపు వెనక కాగితం:
గ్యాసు కట్టెయ్.
మళ్ళీ చూడు.
ఇక చాలు, వెళ్ళు.
మూడో వాక్యం తర్వాత చేర్చింది.

ఇంటావిడ కనగవల్లికి నేనంటే కోపం
ఎదురుపడితే పలకరించనని.
తప్పుల తమిళంలో చీటీ రాసి మెట్ల కింద పెట్టాను:
గంట కొట్టకండి. రెండుసార్లు తట్టండి. మధ్యలో ఆగండి.
జవాబు లేదు.
తర్వాతి శుక్రవారం
టక్.

టక్.
తీస్తే మనిషి లేదు, గిన్నెలో సుండల్ ఉంది.
గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని తెలుసు,
ఏం పెట్టివ్వాలో తెలియదు.
ఆరు రోజులు నా షెల్ఫులోనే ఉంది.
చివరికి అద్దాలు తుడిచే పసుప్పచ్చ గుడ్డ
నాలుగు మడతలేసి పెట్టిచ్చాను.

అన్ని రోజులూ ఇలా ఉండవు.
ట్రైను రెండో ప్లాట్‌ఫామ్‌కి మారిందంటే
మైకు, బజ్జీల నూనె, ఎవరి ఫోనులోనో పాట,
తగిలిన భుజం
అన్నీ ఒకే సైజులో లోపలికొచ్చేస్తాయి.
చెవులు మూసుకుని గోడవైపు తిరిగి కూర్చుంటాను.
ఎవరో నీళ్ళ సీసా పెట్టి వెళ్తారు.
ఎవరో వీడియో తీస్తారు.
ఆ రోజు జీతం కట్.

నిన్న ఒక ట్రేలో చాలా చిన్న జత.
పేరు లేదు, వయసు ఆరు అని ఉంది.
రెండుసార్లు తుడిచి వెలుతురుకి పట్టాను.
గీత లేదు.
టీచరు మొహం వదిలేసి ఆ పిల్ల
ఈ అద్దాల్లోంచి కొబ్బరాకే చూస్తే
చూడనీ.

ముద్ర వేసి, చేతులు కడుక్కుని
ఆరూ పది ట్రైను పట్టుకున్నాను.
భూతద్దాల జోడు నెత్తి మీదికి తోసుకుని
అలాగే వచ్చేశానని
విల్లివాక్కంలో దిగి
తల దువ్వుకోబోయేదాకా
గమనించలేదు.