మంగళవారం నీళ్ళు

మాదబాలో కుళాయికి వారం తెలుసు.
మంగళవారం రాత్రి రెండుసార్లు దగ్గుతుంది,
తర్వాత నీళ్ళు.
తెల్లారేలోగా డాబా మీది ట్యాంకు ఎంత నిండితే అంతే,
మళ్ళీ మంగళవారం దాకా.
డబ్బు నీళ్ళలా ఖర్చుపెడతాడంటే
ఈ వీధిలో అది పిసినారికి పెట్టే పేరు.

మెట్ల కింద గొంతుక్కూర్చుని
రెంచి తిప్పుతోంది రుదైనా.
మగవాళ్ళు ఇంట లేనప్పుడు కూడా
లోపలికి రాగలిగిన ప్లంబరు
ఈ పేటలో ఆమె ఒక్కతే.
స్నానాల నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు,
ఐదు పూటల వజూ నీళ్ళు
అన్నీ ఒక నీలం పీపాలోకి.
అక్కణ్ణుంచి పంపు తోస్తే
సేమ్యా కట్టలాంటి తెల్లని గొట్టాల చుట్టూ చేరతాయి.
గొట్టం గోడ నిండా కంటికానని బెజ్జాలు.
నీరు దూరుతుంది. మురికి దూరదు.

"దూరనిది ఎటు పోతుంది?"
నడుమ్మీద చేతులతో ఉమ్ నవ్వాఫ్.
"ఎటూ పోదు. పైనే పేరుకుంటుంది.
అప్పుడప్పుడూ వెనక్కి తోసి కడుగుతుండాలి."
"అయితే నాలాంటిదే," అంది ముసలావిడ,
నవ్వకుండా.

మొదటి నీళ్ళు టీ గ్లాసులో పట్టి
కిటికీకెదురుగా ఎత్తి చూసింది.
వాసన చూసింది.
ఏ వాసనా లేకపోవడం
ఆవిడకెందుకో నచ్చలేదు.

మూడో వారానికి ధార సన్నబడింది.
రుదైనా మూత విప్పింది:
గొట్టాలకు బూడిదరంగు జిగురు,
వేలికి ఆలివ్ నూనె,
పుల్లటి పెరుగు వాసన.
"వంటింటి నీళ్ళు వద్దన్నాగా ఖాలా?"

ఆవిడ నీళ్ళు నమిలింది.
కాసేపటికి, గోడతో చెప్పినట్టు:
నలభై ఏళ్ళుగా పొద్దున్నే
గిన్నెలు కడిగిన పళ్ళెం నడుముకానించుకుని
దానిమ్మ చెట్టు దాకా మోసింది తనే.
ఇప్పుడు దానికి పైపు తాగిస్తోంది, టైమరు చెప్పిన వేళకి.
పళ్ళెం ఎక్కడ వంపాలో తోచక
పీపాలో వంపింది.

రుదైనా ఏమీ అనలేదు.
గొట్టాల్ని బ్లీచి నీళ్ళలో రాత్రంతా నానేసింది.
పొద్దున్నే టైమరు ఊడదీసి సంచిలో వేసుకుని
దాని చోట ఒక ఇత్తడి వాల్వు బిగించింది,
పిడి పెద్దది, కీళ్ళనొప్పుల చేతికి అందేలా.
బిల్లులో దాన్ని రాయలేదు.

గురువారం.
కుళాయి ఎండి ఉంది.
ఉమ్ నవ్వాఫ్ చెప్పులేసుకుని
మెట్ల కిందికి దిగుతోంది,
ఒక చేత్తో గోడ పట్టుకుని,
రెండో చెయ్యి, ఖాళీగా,
అలవాటుకొద్దీ నడుం దగ్గర.