మంచుకి కట్టిన వల

ఇక్కడ సరైన వాన పడి పదకొండేళ్లు.
చిలీ ఉత్తరపు తీరం. సముద్రానికీ ఎడారికీ మధ్య
ముప్పై రెండు రేకుల ఇళ్లు, ఒక ప్రార్థన గది,
ఒక సిమెంటు తొట్టి.
రాత్రి సముద్రం మీంచి కమంచాకా లేస్తుంది,
పొగమంచుకి మా వైపు పేరు అది.
కొండ నెత్తిన గుంజల మధ్య కట్టిన నల్ల వలల్లో
దాన్ని బొట్టుబొట్టుగా పట్టి తాగుతాం.

ఆ ఆదివారం పాదిరి ఎలియాసర్
పాత ప్రవక్త ఒకడి పుట తెరిచాడు.
మీ ప్రేమ పొద్దుటి మంచు, ఎండ పొడకే పోతుంది అని
దేవుడు వాపోయే చోటు.
చదివి, అలవాటు కొద్దీ, మూడో బల్ల వైపు చూశాడు.

మూడో బల్లలో అబ్దోన్.
వలల కాపరి. రెండేళ్ల కిందట
వలల నుంచి తొట్టికి దిగే రాగి గొట్టాన్ని
రాత్రికి రాత్రి కోసి అమ్ముకున్నవాడు.
ఆ ఎండాకాలం నికనోరా
గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి,
ఉన్న గుక్కెడు మంచినీళ్లూ ఆలివ్ మొక్కలకి పోసింది.
మొక్కలు ఎలాగూ పోయాయి.

అబ్దోన్ మూడుసార్లు ఏడ్చాడు,
ఈ గదిలోనే, మోకాళ్ల మీద, చొక్కా గుండీలు తెంపుకుంటూ.
దొంగ ఏడుపు అనను. ఆ కన్నీళ్లు తడిగానే ఉన్నాయి.
పదింటికి మంచు విడిపోయేది.
పదకొండింటికి అతను సారాకొట్టు బెంచీ మీద ఉండేవాడు.

ప్రార్థన అయ్యాక నికనోరా పాదిరిని గుమ్మంలో ఆపింది.
"మంచుని తిట్టాడనుకున్నావా, అయ్యా?
నీది దక్షిణం, ఏళ్లు పారే ఊరు.
కళ్లముందే మంచు వెళ్లిపోతుంటే
ఖాళీ బిందెతో నిలబడ్డావా ఎప్పుడైనా?
అది కోపం కాదు.
దాహం వేసినవాడి మాట."

పాదిరి దగ్గర మారుమాట లేదు.
వెనకే నిలబడ్డ అబ్దోన్ దగ్గరా లేదు.

నాలుగోసారి అతను ఏడవలేదు.
సోమవారం చీకటితోనే కొండెక్కాడు,
చేపల వలలు కుట్టే సూది, నైలాను దారం, ఎండు రొట్టె.
నేనెలా చూశానంటే,
నా మేకలు ఆ దారినే పోతాయి.
గాలి చింపిన చోట కుట్టాడు.
మంగళవారం కుట్టాడు.
బుధవారం తాగాడు.
గురువారం వణికే చేత్తో కుట్టాడు, వంకరగా.

మారుమనసు అంటే
మనసు ఒక్కసారి మారిపోవటం అనుకున్నాను ఇన్నాళ్లూ.
మారు వడ్డించినట్టు
రోజూ మళ్లీ విస్తట్లో పడాల్సిందేమో అది.
మంచు ఎలాగూ ఆగదు.
నా మనసూ ఆగదు, నా మేకలూ ఆగవు.
ఆగాల్సింది గుంజ.
మంచు రాని రాత్రి కూడా
గాలికి మూలుగుతూ అక్కడే ఉండాల్సింది వల.

ఏడు వారాలకి ఒక ప్లాస్టిక్ గొట్టం తెచ్చి బిగించాడు.
రాగిది కాదు. రాగికి డబ్బు ఇంకా కూడలేదు.
తొట్టిలో నీళ్లు పడ్డ చప్పుడు
ముందుగా కుక్కలు విన్నాయి.

నికనోరా వచ్చి
తొట్టి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసింది.
అబ్దోన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.
ఆమె వంగి, దోసిట్లో తీసుకుని, తాగింది.
"ఉప్పు తగులుతోంది," అంది.
"గొట్టం కడుగు. రేపు మళ్లీ వచ్చి చూస్తా."