నానబెట్టిన నీళ్లు

పద్నాలుగేళ్లప్పుడు మొదటి తట్ట నెత్తికెత్తారు.
తడి ఉప్పు, నలభై కిలోలు,
మడి గట్టు నుంచి పడవ దాకా, పడవ నుంచి కొట్టు దాకా.
చెమట కారి పెదవి మీదికొస్తే
అదీ ఉప్పే.
అవైరోలో మా వీధి ఆడవాళ్ల మెడలన్నీ
ఒక్క అచ్చులో పోసినట్టుండేవి.

ఇప్పుడు డెబ్బై ఒకటి.
కింది దవడలో కుడివైపు రెండు మరలు,
టైటానియంవి,
బియ్యపు గింజ కన్నా కాస్త పొడుగు.
డాక్టర్ కిటేరియా, నా మనవరాలి ఈడుది,
బొమ్మ చూపించి చెప్పింది:
"మర బిగించడం నా పని, దొలిందా గారూ.
దాన్ని పట్టుకోవడం మీ ఎముక పని.
నాలుగు నెలలు. అటువైపు నమలొద్దు."
నా సంచీలోంచి తొంగిచూస్తున్న ఎండుచేప తోకని చూసి
"ఉప్పు తగ్గించండి" అంది.

నోరు మొద్దుబారి ఉంది కనక
సగమే నవ్వాను.
ఉప్పే అదెలీనుకి పెళ్లి కోటు కొంది,
పిల్లల బడి జీతం కట్టింది.
తిన్న ఉప్పు మీదే చాడీలు వినమంటుందేం, ఈ పిల్ల!

ఆమె కోప్పడలేదు.
ఉప్పు తిన్నవాళ్లు నీళ్లు తాగక తప్పదని నాకూ తెలుసు.
తాగిన నీళ్లు పోయేటప్పుడు
ఒట్టి చేతులతో పోవన్నది తెలీదు.
ఎక్కువైన ఉప్పుని బయటికి తోస్తూ ఒళ్లు
కాస్త కాల్షియాన్నీ వెంట పంపేస్తుందట,
రోజూ కాస్త,
ఆ వెలితి ఎముకల కొట్టులోంచి తెచ్చి పూడ్చుకుంటుందట.
"మీ మరల సంగతి ఒట్టేసి చెప్పలేను,
ఎలుకల్లో చూశారు, మనుషుల్లో ఇంకా చూస్తున్నారు.
అయినా, గోడ కడుతున్నప్పుడు
సున్నం బయటికి మోయించడం ఎందుకు?"

ఇంటికొచ్చి చేపను తొట్టిలో వేశాను.
రెండు పగళ్లు, రెండు రాత్రులు,
పూటపూటకీ నీళ్లు మార్చాలి.
మూడోసారి పారబోయబోతూ
వేలు ముంచి నాకాను.
చేప వదులుకున్నదంతా ఆ నీళ్లలో ఉంది.
యాభై ఏళ్లుగా పారబోసిన నీళ్లు.
ఒక్కసారీ అడగలేదు,
నాలోంచి ఏం పోతోందని.

ఇంకో రోజు నానబెట్టాను.
ఒటీలియా తిని, "ఇది చేపా, దూదా?" అంది.
ఆలివ్ కాయల జాడీ ఆమెకే ఇచ్చేశాను,
ఆ వంకన వెళ్లిపోతుందని.
మొదటి పక్షం అన్నం, దుంప, సూప్, అన్నీ గడ్డే.
రెండో నెలలో ఓ మధ్యాహ్నం
ఉల్లిపాయ తియ్యగా ఉంటుందని కనిపెట్టాను.
సిగ్గేసింది, ఇన్నేళ్లకా అని.

అబద్ధం ఆడను.
ఆగస్టులో ఒకరాత్రి లేచి, డబ్బా తీసి,
ఒక్క పలుకు నాలిక మీద పెట్టుకున్నాను.
అదెలీను వచ్చి పక్కన కూచున్నాడు,
రబ్బరు బూట్లతో సహా.
మూతేశాను.

నాలుగో నెల ఎక్స్‌రే.
మర చుట్టూ పల్చని తెలుపు.
కిటేరియా పెన్ను కొసతో చుట్టి చూపిస్తూ
ఏవో పేర్లు చెప్తోంది.
నాకది కొత్త కాదు.
జూలైలో, గాలి పడిపోయాక, మడి నీళ్ల మీద
మొదటి పొర ఇలాగే కట్టేది.
అప్పుడు అదెలీను గట్టు మీద చతికిలబడి,
టోపీ కళ్ల మీదికి లాక్కుని,
పిట్టలకీ నాకూ కలిపి చెప్పేవాడు:
కదపొద్దు.